సూరమ్మ వీపు మీద నక్క

గోదారి గట్టు మీద పాకలో సూరమ్మ అని అయిదు ఈతల గేదె ఉండేది. పాలు తగ్గాయి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ఆవిడగారికి ఒక కోరిక పుట్టింది. ఏటి మధ్యన కనబడే లంకకు ఈదుకుంటూ వెళ్ళి, అక్కడ ఏముందో చూసి రావాలట. పుడితే తప్పేముంది చెప్పండి? కానీ తోటి గేదెలు ఊరుకుంటాయా.

"మనవలు పుట్టాక ఇదేం చోద్యమే? కుడితి తాగి పడుకో."

"పడుకుని పడుకునే ఇంతదాన్నయ్యాను. వానలు పడితే ఏటికి ఎర్రనీళ్ళు వచ్చేస్తాయి. ఈ ఏడు ఏరు దాటకపోతే, వచ్చే ఏటికి ఈ కాళ్ళు నా మాట వినవు," అంది సూరమ్మ. ఆవిడకీ భయంగానే ఉంది మరి.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు నక్క గవరయ్య. ఇంతలో లంక వైపు నుంచి పండు దోసకాయల వాసన వాడి ముక్కుకు తగిలింది. మర్నాడు పొద్దున్నే పాక దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"వదినా, నీ పట్టుదల చూస్తే ముచ్చటేస్తోంది. దారి తెలియకుండా దిగితే సుళ్ళలో పడతావు. నేను వీపు మీద కూర్చుని చెబుతానులే."

"నువ్వెప్పుడైనా వెళ్ళావా మరిదీ?"

"ఎన్ని మాట్లో."

"నేల ఎలా ఉంటుందక్కడ?"

"అంతా బండరాళ్ళే."

సూరమ్మ వాడి మొహం కేసి చూసింది. "సరే, ఎక్కు," అంది.

ఏటి మధ్యకు వచ్చేసరికి కాళ్ళకు నేల అందలేదు. నీటి వడి పక్కకు లాగేస్తోంది. గవరయ్య ఆవిడ కొమ్ములు పట్టుకుని వేలాడాడు.

"వెనక్కి తిరుగు వదినా."

"దారి చెబుతానన్నావుగా?"

"నేనెప్పుడు వచ్చానని, నాకేం తెలుసు తల్లీ."

"రాలేదని నాకు పొద్దున్నే తెలుసు. పడవల్లో లంక నుంచి తెచ్చే గడ్డికి ఒండ్రుమట్టి అంటుకుని ఉంటుంది. రోజూ తింటున్నదాన్ని, నాకు తెలీదూ?"

"తెలిసీ ఎందుకు ఎక్కించుకున్నావు?"

"ఒక్కదాన్నే అయితే భయమేసి మధ్యలోంచి తిరిగొచ్చేస్తాను. నువ్వు వీపు మీద ఏడుస్తుంటే నేను ధైర్యంగా ఉండక తప్పదు కదా."

ముక్కు పైకెత్తి, వడికి ఏటవాలుగా ఈదింది. చివరికి కాళ్ళకు మెత్తటి ఒండ్రు తగిలింది. ఒడ్డెక్కి నిలబడితే ఆవిడకి ఏడుపొచ్చేంత సంతోషం. కనిపించిన గడ్డినల్లా వాసన చూసింది, కొన్నిటిని రుచి చూసింది, పేరు తెలియని ఒక పువ్వు ముందు చాలాసేపు నిలబడింది.

గవరయ్య మెడదాకా దోసకాయలు తిని, పొద్దువాలాక ఆయాసపడుతూ వచ్చాడు. "పద వదినా, ఇంటికి పోదాం. మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

సూరమ్మ లంక అవతలి అంచున నిలబడి ఉంది. అటువైపు ఇంకో పాయ, దాటొచ్చినదానికంటే వెడల్పుగా ఉంది. దానవతల నీలంగా కొండలు.

"మరిదీ, ఆ కొండల్లో ఏముంటుందో నీకేమైనా తెలుసా?"

గవరయ్య అక్కడే చతికిలబడ్డాడు. "తెలీదు వదినా. నా పిల్లల మీద ఒట్టు, నాకేమీ తెలీదు."

"నాకూ తెలీదు," అంది సూరమ్మ, నీళ్ళలోకి దిగుతూ. "ఎక్కు, చూసొద్దాం."

నీతి: నడివయసులో బయల్దేరినవాళ్ళ వీపెక్కితే, మనం దిగాలనుకున్న చోట వాళ్ళు ఆగరు.