ఊరంతా అభ్యర్థులే

ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. ఆవగింజంత అబద్ధమున్నా పొయ్యి మీది అన్నం ఉడక్కుండా పోవాలి, ఉతికిన కోక ఆరకుండా పోవాలి. ఒట్టు. ఎక్కడైనా కాస్త ఎక్కువ చెప్పినట్టు అనిపిస్తే, జరిగిందే అంత ఎక్కువగా జరిగిందని సరిపెట్టుకోవాలి.

గుల్లలపాడని ఓ ఊరు. అక్కడ తెలివి ఎంత ఎక్కువంటే, ఇళ్ళల్లో పట్టక వీధిలోకి పారేది. వాన పడితే నూతిలో నీళ్ళు తడిసిపోతాయని గొడుగు పట్టేవాళ్ళు. దీపం ఆర్పాక సరిగ్గా ఆరిందో లేదో చూడ్డానికి మళ్ళీ దీపం వెలిగించేవాళ్ళు. "దేవుడు ఇంత తెలివీ మనకే గుమ్మరించాడు, పక్క ఊళ్ళకి చెంచాడు పోసినా బాగుండేది పాపం" అని జాలిపడేవాళ్ళు.

వాళ్ళందరిలోకీ తెలివైనది తవిటమ్మ. ఆవిడ కూతురు పైడితల్లిని కాలవకి అవతలి ఊళ్ళోనే ఇచ్చారు. మధ్యనున్న చెక్కవంతెన వరదకి కొట్టుకుపోయింది. చుట్టూ తిరిగి రోడ్డున వెళ్దామంటే, బయల్దేరేటప్పుడు నల్లగా ఉన్న జుట్టు చేరేసరికి తెల్లబడుతుంది. అంత దూరం. మనవరాలు పుట్టింది, బోర్లా పడింది, పాకింది, పళ్ళు కూడా వచ్చాయి. తవిటమ్మ మాత్రం దాన్ని ఇంకా ఒళ్ళోకి తీసుకోలేదు. తల్లీకూతుళ్ళు చెరో గట్టు మీదా నిలబడి అరుచుకునే కబుర్లకి తట్టుకోలేక కాలవలో చేపలు కాపురాలెత్తేసి సముద్రానికి పోయాయి.

"పిల్లకి ఆముదం పట్టించావంటే?"

"పట్టించానే అమ్మా! నువ్వెప్పుడొస్తావు?"

"వంతెనెప్పుడేస్తే అప్పుడే!"

వంతెన వేస్తామనేవాళ్ళకి కరువు లేదు. ఊళ్ళో రెండు పెద్ద పార్టీలు. గరిటె పార్టీ తరఫున చక్రధరరావు, దువ్వెన పార్టీ తరఫున ఆయన బావమరిది జనార్దనరావు. కిందటిసారి దువ్వెన చక్రధరరావుది, గరిటె జనార్దనరావుది. ఎటు తిరగేసినా ఆ ఇద్దరే. ఇద్దరూ ప్రతిసారీ వంతెన వేస్తామన్నారు, ఇద్దరూ గెలిచారు, కాలవ మాత్రం అలాగే పారుతోంది.

ఈసారి మండల ఎన్నికలు రాగానే మళ్ళీ ఆ ఇద్దరే చేతులు జోడించుకుని దిగారు. తవిటమ్మ చేట కింద పెట్టింది.

"అవునయ్యా, మిమ్మల్నెవరు ఎంచారు?"

"పార్టీ ఎంచింది తల్లీ. టిక్కెట్టిచ్చింది."

"పార్టీ ఎక్కడుంటుంది?"

"పట్నంలో."

"మా కాలవ చూసిందా?"

"దానికి బోలెడు పనులమ్మా."

"పట్నంలో కూర్చున్నవాళ్ళు ఎంచుకుంటే ఎండలో నిలబడి ఓటు మేమెందుకు వెయ్యడం? అదీ వాళ్ళనే వేసుకోమనండి."

అంతే. ఆ సాయంత్రం ఊరంతా బడి అరుగు మీద చేరింది. ఇద్దరిలో ఒక్కడూ ఎవరికీ నచ్చలేదు. తవిటమ్మ లేచి అంది: "ఇన్నాళ్ళూ మనం మోసపోయింది ఎందుకు? అభ్యర్థి చెప్పింది నమ్మినందుకు. ఇక మీదట అభ్యర్థి అన్నవాడు ఏం చెప్పినా నమ్మకూడదు. ఏం చెప్పినా సరే!"

"భేష్!" అన్నాడు ఊరి పెద్ద బంగారినాయుడు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు అందరూ నెత్తి కొట్టుకున్నారు, పక్కవాడి నెత్తి కూడా కొట్టారు. కర్పూరం వెలిగించి ఒట్టు వేశారు.

మర్నాడు పొద్దున్నే చక్రధరరావు పరుగున వచ్చాడు. "గవరయ్యా! నీ గడ్డివామి అంటుకుందయ్యా! నీళ్ళు తెండి!"

గవరయ్య పళ్ళు తోముకుంటూ నవ్వాడు. "కిందటిసారి వంతెన అన్నావు, ఈసారి మంట అంటున్నావు. నువ్వు మారవు బాబూ."

"వెనక్కి తిరిగి చూడవయ్యా!"

"చూడమన్నది కూడా నువ్వేగా!"

ఇంకేముంది, గడ్డివామి బూడిదైంది. గవరయ్య ఆ బూడిదలో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, "చూశారా, పడలేదు నేను వాడి బుట్టలో!" అన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

మధ్యాహ్నం జనార్దనరావు వచ్చాడు. ఊరి జనం ఆయన్ని చూడకూడదని ఆకాశం చూస్తూ నడుస్తున్నారు. "అటు పోకండర్రా, పెంటగుంట!" అని అరిచాడాయన. "విన్నారా, గుంటట!" అనుకుని అందరూ మరింత గట్టిగా అడుగులేశారు. వరసగా పడ్డారు. తవిటమ్మ మెడదాకా మునిగి, పక్కన మునిగిన బంగారినాయుడితో, "నాయుడు మావా, ఇప్పుడు గుంటుందని ఒప్పుకుందామా?" అంది. "ఒప్పుకుంటే నమ్మినట్టేనమ్మా" అన్నాడాయన. జనార్దనరావు కారు డ్రైవరు వచ్చి, "గుంటలో ఉన్నారు, పైకి రండి" అని చెప్పేదాకా అందులోనే ఉన్నారు. డ్రైవరు అభ్యర్థి కాడు కాబట్టి ఆయన మాట నమ్మొచ్చు.

ఇక మన మనిషిని మనమే నిలబెట్టుకుందామనుకున్నారు. పార్టీ మనల్ని అడగలేదు, మనం అందరినీ అడిగి ఎంచుదాం అన్నారు. ఎంచడం వాళ్ళకి ఒక్కటే తెలుసు, సంతలో వంకాయలు ఎంచడం. మగా ఆడా అందర్నీ వరసలో కూర్చోబెట్టి నొక్కి చూశారు, తిప్పి చూశారు, తొడిమ దగ్గర పుచ్చుందేమోనని చెవుల వెనక చూశారు. ఒకడు మరీ మెత్తన. ఒకడు ముదురు. గవరయ్య కమిలాడు. ఒక్కరూ అందరికీ నచ్చలేదు.

"నచ్చనివాణ్ణి తెచ్చి మన నెత్తిన పెట్టారనేగా మన ఏడుపు?" అన్నాడు బంగారినాయుడు. "ఎవరికి ఎవరు నచ్చినా నచ్చకపోయినా, ఎవరికి వాళ్ళం నచ్చుతాం. ఎవరికి వాళ్ళం నిలబడితే సరి!"

అంతే! ఊరంతా నామినేషను వెయ్యడానికి మండలాఫీసుకి బయల్దేరింది. అక్కడి అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. జనం తగ్గలేదు. "ఆస్తులన్నీ చూపించాలి" అన్నాడు నీరసంగా.

చూపించమన్నాడుగా! మర్నాడు మంచాలు, రోళ్ళు, గేదెలు, కోళ్ళు, పెళ్ళినాటి ఇత్తడి బిందెలు బళ్ళకెత్తి ఆఫీసు నింపేశారు. అధికారి బల్ల మీద కోడి గుడ్డు పెట్టింది. "ఇది కూడా నా ఆస్తిలో రాసుకోండి బాబూ, ఇప్పుడే పెరిగింది" అంది తవిటమ్మ. గవరయ్య బూడిద మూటకట్టి తెచ్చి, నూతిలో తన వాటా ఎలా తేవాలో తెలీక ఏడ్చాడు. అధికారి వాళ్ళని ఇంటికి పంపించెయ్యడానికి అన్నింటి మీదా ముద్ర కొట్టేశాడు. తవిటమ్మకి ఎన్నికల గుర్తుగా తిరగలి ఇచ్చాడు.

ఆ సాయంత్రం గట్టు మీద నిలబడి, "పైడీ! నేను నిలబడ్డానే! గెలిచి వంతెన వేసి పిల్లనెత్తుకుంటా!" అని అరిచింది.

"గెలవడమెందుకే? మీ తోపులో తాటిచెట్లున్నాయి, ఊరినిండా మనుషులున్నారు. రెండు దుంగలు అడ్డంగా పడేసుకోండే!"

"ఎన్నికలు పెట్టుకుని పని చేస్తారంటే ఎవరైనా? నీకు రాజకీయం తెలీదు, ఊరుకో!"

ఇంకేముంది, ఇప్పుడు ఊళ్ళో అందరూ అభ్యర్థులే. అభ్యర్థి మాట నమ్మకూడదని ఒట్టాయె. ఏ ఇంట్లో ఎవరి మాటా ఎవరూ నమ్మరు. "పులుసులో ఉప్పేశాను" అంటుంది పెళ్ళాం. అభ్యర్థి కదా! మొగుడు మళ్ళీ వేస్తాడు. "వేశారా?" అని అత్త అడుగుతుంది. "వేశాం" అంటారు ఇద్దరు అభ్యర్థులు. ఆవిడ ఇంకో పిడికెడు పోస్తుంది. ఆ పులుసు తాగి ఊరంతా కాలవలో సగం నీళ్ళు తాగేసింది. తవిటమ్మ మొగుడు సన్యాసయ్య, "ఏమే, దూడ తాడు తెంపుకుని పాలన్నీ తాగేస్తోంది" అన్నాడు. "తాగదు" అంది తవిటమ్మ. దూడ పాలు తాగింది, తోటకూర మేసింది, ఆరేసిన పంచె నమిలి పడుకుంది. సన్యాసయ్య గోచీతో వచ్చి, "నా పంచె మేసేసిందే" అంటే, "నువ్వు పంచె కట్టుకునే ఉన్నావు, నువ్వు చెప్పేది నేను నమ్మను" అంది. అప్పట్నుంచీ సన్యాసయ్య గోచీతోనే ప్రచారం చేశాడు.

ఓట్లరోజు వచ్చింది. బ్యాలెట్ కాగితం చీరంత పొడుగు. కుచ్చిళ్ళు పోసి చేతికిచ్చారు. తవిటమ్మ దాన్ని గోడవారగా పరిచి, పాక్కుంటూ పోయి తిరగలి గుర్తు దగ్గర ఆగింది. ముద్ర ఎత్తింది. ఆగింది.

'దీనికి వెయ్యమన్నదెవరు? నేను. నేనెవర్ని? అభ్యర్థిని. వంతెన వేస్తానన్నాను కూడా. అమ్మో, కొంచెంలో నా మాట నేనే నమ్మేదాన్ని!'

తప్పించుకున్నానని గుండెల మీద చెయ్యి వేసుకుని, ఇంకా పాక్కుంటూ పోయింది. అట్టడుగున నోటా అని ఉంది. ఆ పేరున్న మనిషి ఊళ్ళోకి వచ్చి చేతులు జోడించలేదు, అబద్ధమాడలేదు, పార్టీ మార్చలేదు. 'ఎంత పెద్దమనిషి!' అనుకుని అక్కడ గుద్దింది. ఊరంతా అలాగే పాకింది, అలాగే గుద్దింది.

లెక్కపెడితే చక్రధరరావుకి ఆయన ఓటే పడింది, జనార్దనరావుకి ఆయనదే. మిగతావన్నీ నోటాకే. అధికారి చీటీ తీసి చక్రధరరావు గెలిచాడన్నాడు. చక్రధరరావే దండ వేసుకుని ఊళ్ళోకి వచ్చాడు.

"నేనే గెలిచానమ్మా!"

"నమ్మం."

"నోటా అంటే మనిషి కాదమ్మా! అలాంటివాడు లేడు!"

"ఓడిపోయిన కుళ్ళు చూడండర్రా! పెద్దమనిషిని పట్టుకుని లేడంటున్నాడు!" అంది తవిటమ్మ. ఊరంతా నోటాగారికి జై కొట్టింది.

మర్నాడు తెల్లవారేసరికి కాలవ మీద వంతెన ఉంది. అవతలి ఊరివాళ్ళు విసిగిపోయి, పైడితల్లి మొగుడు ముందుండి నాలుగు తాటిదుంగలు పడేసి, పైన బల్లలు కొట్టారు. తవిటమ్మ గట్టు మీదికి వచ్చి నోరు తెరిచేసింది.

"మేమే వేశాం అత్తా!" అని అవతల్నుంచి అరిచాడు అల్లుడు.

"మా అల్లుడిది ఎంత మర్యాదో! నోటాగారు ఎవరికీ చెప్పొద్దన్నట్టున్నారు, పాపం ఆ గొప్ప తన మీద వేసుకుంటున్నాడు!" తవిటమ్మ కళ్ళనిండా నీళ్ళు. "నిన్న గెలిచి ఇవాళ వేశారర్రా! ఇలాంటి నాయకుడెక్కడైనా ఉన్నాడా? ఫొటో అయినా దిగలేదు!"

పైడితల్లి పిల్లని చంకనేసుకుని వంతెన చివరికొచ్చింది. పిల్ల అమ్మమ్మని చూసి రెండు చేతులూ చాపింది. తవిటమ్మ చీర ఎగ్గట్టి పరుగెత్తింది, బల్ల మీద కాలు పెట్టబోయింది, ఠక్కున ఆగిపోయింది.

"ఆగవే పైడీ! అడుగెయ్యకు!"

"ఏమైందే?"

"ప్రారంభోత్సవం కాలేదే! వేసిన పెద్దమనిషి రాకుండా, రిబ్బను కత్తిరించకుండా తొక్కుతామా? ఆయనకెంత చిన్నతనం!"

పైడితల్లికి మెట్టినింటి తెలివి ఇంకా పూర్తిగా అబ్బలేదు. "అవునే, నాకు తట్టనేలేదు!" అని వెనక్కి తగ్గింది. ఇవతల ఎర్ర రిబ్బను కట్టారు, అవతల ఎర్ర రిబ్బను కట్టారు. సన్యాసయ్య గోచీ మీదే దండ పట్టుకుని నిలబడ్డాడు. తల్లీకూతుళ్ళు వంతెనకి చెరో పక్కా నిలబడి మళ్ళీ కబుర్లు అరుచుకోవడం మొదలెట్టారు. మనవరాలికి అప్పుడే నడక వచ్చేస్తోంది, దాన్ని పట్టుకుని ఆపడం పైడితల్లి వల్ల కావడం లేదు.

అంచేత, విన్నవాళ్ళు ఊరికే నవ్వుకుంటూ కూర్చోకుండా లేవండి. మీ వీధిలో గానీ, సంతలో గానీ, బస్సులో గానీ నోటాగారు కనిపిస్తే, గుల్లలపాడులో తవిటమ్మ ఎదురుచూస్తోందని చెప్పి ఒక్కసారి పంపించండి. కత్తెర ఆయన్నే తెచ్చుకోమనండి, ఊళ్ళో ఉన్నది దూడ మింగేసింది.