అమ్మకానికి లేని గది

అచ్యుతరామయ్య గారిని ఏదైనా అడిగితే సమాధానం చెప్పరు; తన కళ్ళముందు జరిగింది ఒకటి చెబుతారు. ముప్పై ఏళ్ళు మున్సిపాలిటీల్లో సర్వేయరుగా చేసి, తరువాత ఆ శాఖలో చేరేవారికి పాఠాలు చెప్పిన మనిషి. ఆయన శిష్యురాలు జాహ్నవి ఒక చిన్న పట్నానికి కమిషనరుగా వెళ్ళిన రెండో నెలలోనే సందేహంతో ఆయన ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, బస్టాండు వెనక మా మున్సిపాలిటీకి నాలుగెకరాల ఖాళీ స్థలం ఉంది. అక్కడే పేదలకు ఇళ్ళు కట్టే బదులు దాన్ని వేలం వేస్తే, ఆ సొమ్ముతో ఊరికి దూరంగా రెట్టింపు ఇళ్ళు కట్టొచ్చంటున్నారు. అంతమందికి నీడ దొరుకుతుంటే కాదనడం న్యాయమా?"

ఆయన దాయమ్మ సంగతి ఎత్తుకున్నారు.

దాయమ్మ, ఆయన ఉద్యోగం చేసిన ఊళ్ళో కూరగాయల మార్కెట్టు ఊడ్చేది. భర్త లేడు, ఆరేళ్ళ కూతురు. ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల కట్టిన కాలనీలో ఆమెకు ఇల్లు వచ్చింది. తాళంచెవి ఆయనే చేతికిస్తే కళ్ళకద్దుకుంది. నాలుగు నెలలు తిరక్కుండానే దాన్ని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇల్లు బంగారంలా ఉంది బాబూ. తెల్లారకముందే మార్కెట్టు ఊడవాలి, ఆ వేళకి బస్సుండదు. పిల్లనొక్కదాన్నీ వదిలేసి ముందురోజే వచ్చి మార్కెట్టు మెట్ల మీద పడుకుంటున్నాను. మొన్న దానికి జ్వరంతో ఫిట్సొచ్చాయి. పక్కింటోళ్ళు చూశారు గనక బతికింది. ఇంకెవరికన్నా ఇచ్చెయ్యండి. మీరిచ్చినందుకు మాత్రం దణ్ణం."

తిట్టినా బాగుండేది, ఆ దణ్ణం ఆయన్ను నిద్రపోనివ్వలేదు. వారమంతా పాత పటాలు తిరగేశారు. మార్కెట్టుకు రెండు వీధుల అవతల, జట్కాబళ్ళు పోయాక ఖాళీపడిన బళ్ళ స్టాండు ఇంకా మున్సిపాలిటీ పేరునే ఉంది. దాన్ని దుకాణాలవాళ్ళకు అమ్మేయాలని కౌన్సిల్లో అప్పటికే మాట నడుస్తోంది. ఆయన చైర్మన్ సత్యవతమ్మ గారిని ఒకనాడు తెల్లవారుజామున వెంటబెట్టుకెళ్ళి, మెట్ల మీద ముడుచుకుని పడుకున్నవాళ్ళను చూపించారు. "మీ ఇల్లెక్కడ?" అని ఆవిడ ఒక్కొక్కరినే అడిగింది. చాలామంది ఆ కాలనీ పేరే చెప్పారు.

అమ్మకం ఆగింది. రెండేళ్ళకు అక్కడ మూడంతస్తుల్లో నలభై గదులు లేచాయి. షరతు ఒక్కటే: కొద్దిపాటి అద్దెకు ఉండాలనుకున్నంతకాలం ఉండొచ్చు, నేల మాత్రం ఊరిది, గది అమ్ముకోవడానికి వీల్లేదు. అందులో ఒకటి దాయమ్మకు వచ్చింది, కూతురు ఎదురు వీధి బడిలో చేరింది.

పదేళ్ళు గడిచేసరికి ఆ వీధిలో ధరలు ఆకాశానికెక్కాయి. ఒక నగల వ్యాపారి దాయమ్మ గదికి ఆమె కలలో కూడా అనుకోని బేరం పెట్టాడు. కుదరదని తెలిసి ఆమె ఆఫీసుకొచ్చి మండిపడింది. "అమ్ముకోలేని ఇల్లు ఇల్లేంటి బాబూ? పేదోళ్ళం కాబట్టేగా ఈ షరతులు!" ఆమె కోపంలో న్యాయం లేదని ఆయన అనుకోలేదు.

కొన్నేళ్ళకు కూతురు నర్సయి, వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఉద్యోగమొచ్చి, తల్లిని తన దగ్గరికి రమ్మంది. గది, ఇంటికోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో తరువాతి మనిషికి వెళ్ళింది. ఆమె పేరు నజీమా. లాడ్జీల్లో దుప్పట్లు ఉతుకుతుంది, చంకలో బిడ్డ. దాయమ్మ గది కడిగి, గడప తుడిచి, పొయ్యి పక్కన గాలి ఎటునుంచి వస్తుందో కూడా చూపించింది. నజీమా గోడను అరచేత్తో తడిమి చూసి, ఆమె చేతులు పట్టుకుంది.

"ఇంత నడివీధిలో నాకు గది దొరుకుతుందని అనుకోలేదమ్మా. మీరు అమ్ముకోకుండా ఉంచారు. ఈ మేలు మరిచిపోను."

దాయమ్మ పక్కనే నిలుచున్న అచ్యుతరామయ్య గారి వైపు చూసి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నా గొప్పేం లేదు తల్లీ. నేను అమ్మేద్దామనే చూశాను. అదిగో, ఆ బాబే అమ్మనివ్వలేదు. ఆయనకి పెట్టు దణ్ణం."

కథ అక్కడితో ఆగింది.

"అయితే వేలం వద్దంటారా మాస్టారూ?"

"కమిషనరువి నువ్వు, నేను కాదు," అన్నారు అచ్యుతరామయ్య గారు. "కాకపోతే అమ్మడం ఒక్కసారే కుదురుతుందమ్మా. ఇవ్వడమంటావా, ఆ గదిలో ఇప్పుడుంటున్నది నాలుగో ఆవిడ."