నక్క చెప్పిన పాళీ పాఠం

కృష్ణ ఒడ్డున ఒక కొండ మీద పాడుబడ్డ బౌద్ధారామం ఉంది. అక్కడ ముసలి గోరువంక ఒకటి బడి పెట్టి, తన తాతముత్తాతల దగ్గర నేర్చిన పాళీ సూత్రాలు అడవి జంతువుల చేత వల్లె వేయించేది. వచ్చే పున్నమికి పఠనం ఎత్తుకునే వంతు కుందేలుది. పాపం, దానికి ‘త’ రమ్మంటే ‘ట’ వచ్చేది, ‘ట’ రమ్మంటే ‘త’ వచ్చేది. ఉడతలు పొట్ట పట్టుకుని నవ్వేవి. కుందేలుకు ఏడుపొచ్చేది.

ఈ సంగతి నక్క చెవిన పడింది. ఆకలి మీదున్న నక్కకు చదువు మీద ప్రేమ పుట్టడం ఎంతసేపు!

“ఏమ్మా, ఒక్కదానివే కూర్చుని కుస్తీ పడుతున్నావు?” అంది ఎక్కడ లేని వినయంతో.

“నాలుక తిరగడం లేదు మామా. పున్నమి ఎల్లుండే. అందరిలో పరువు పోతుంది.”

“ఓస్, ఇంతేనా! గోరువంక ముక్కులో నాలుక ఎవరికి కనబడుతుంది? నా దగ్గరకి రా. ‘త’ అంటే నాలుక పళ్ళకు తగలాలి. ‘ట’ అంటే మడుచుకుని అంగిటికి తగలాలి. నా నోట్లోకి తొంగి చూశావంటే ఇట్టే పట్టేస్తావు.”

చెప్పింది నిజమే, అదే వచ్చిన చిక్కు. కుందేలు నమ్మి దగ్గరికి జరిగింది. నక్క నోరు తెరిచి ‘త’ అంది. నాలుక పళ్ళకు తగిలింది. ఆ పళ్ళ సందున కౌజుపిట్ట ఈక కూడా కనబడింది.

కుందేలుకు అసలు సంగతి అర్థమైంది. పరుగెడితే రెండంగల్లో దొరికిపోతుంది.

“ఇంకాస్త లోపలికి చూడమ్మా,” అంది నక్క.

“చూస్తా గురువుగారూ! కానీ మా బళ్ళో ఒక ఆచారం ఉంది. పాఠం చెప్పేవాళ్ళు ముందు ఊపిరి చూపించాలి.” కుందేలు, పక్కనే కాపరులు రాత్రి వేసి వదిలేసిన నెగడులోంచి చల్లారిన బూడిద ఆకులో ఎత్తి నక్క మూతి కింద పట్టింది. “‘ప’ అంటే బూడిద కదలకూడదు. ‘ఫ’ అంటే లేవాలి. మా గోరువంక అంటే చిటికెడు లేస్తుంది.”

“పిట్ట ఊపిరీ ఒక ఊపిరేనా!” నక్క మెల్లగా ‘ప’ అంది. బూడిద కదల్లేదు. ఇక ‘ఫ’ దెబ్బకు ఆకు కూడా ఎగిరిపోవాలని, రొమ్ము విరిచి గట్టిగా ఊపిరి పీల్చింది.

ఆకులోని బూడిదంతా ముక్కులోకి పోయింది. తుమ్ము మీద తుమ్ము! కళ్ళు తెరిచేసరికి కుందేలు లేదు.

బొరియలో పడ్డాక “బతుకు జీవుడా!” అనుకుంది కుందేలు. సంగతి విని పరుగున వచ్చిన గోరువంక దాన్ని రెక్కల్లో పొదువుకుంది.

“ఎల్లుండి ‘త’కు ‘ట’ అంటానేమో,” అంది కుందేలు.

“అంటే అనవే తల్లీ! అనడానికి నువ్వు మిగిలావు, అది చాలు నాకు.”

పాఠానికి చెవి ఇవ్వాలి గానీ, తల ఇవ్వకూడదు.