చీమ దూరని గుడారం

సోద్నోముకు వచ్చిన చిక్కల్లా తన పనితనం మీద తనకున్న నమ్మకమే.

మంగోలియా గడ్డిమైదానంలో, లువ్సాన్ గురువుగారి చేతిరాత గ్రంథాల కోసం అతను నెల రోజులు ఒళ్లు హూనం చేసుకుని గుడారం వేశాడు. ఆ గ్రంథాలకు రెండో ప్రతి ఎక్కడా లేదు. గుడారం నచ్చితే వాటి బాధ్యత శిష్యుడైన అతనికే అప్పగిస్తానని గురువు మాటిచ్చాడు.

కర్రల అల్లిక మీద ఉన్ని కంబళ్లు మూడు వరసలు చుట్టాడు. కప్పు నడినెత్తిన గాలి కోసం వదిలే రంధ్రాన్ని, పొగగొట్టం పట్టేంత మేర ఉంచి, తోలుతో బిగించేశాడు. చలిగాలి దూరకుండా గోడల అడుగున చుట్టూతా మోకాలెత్తు ఎండుగడ్డి కూరాడు. చెప్పేవాళ్లు లేకపోతే తెలివి ఇలాగే ముదురుతుంది.

“చీమ దూరే సందు లేదు గురువుగారూ!”

గురువు ఒకే ఒక్క గ్రంథం తెచ్చి పీట మీద పెట్టాడు. “తలుపేసి టీ కాచు నాయనా,” అన్నాడు.

ఒక కుండ టీ అయింది. రెండోదీ అయింది. మూడోది మరుగుతుండగా సోద్నోముకు చెమటలు పట్టాయి. కప్పు నుంచి ఒక నీటిబొట్టు టప్పున గ్రంథం అట్ట మీద పడింది. గురువు దాన్ని అంగీ చేతితో తుడిచి, మళ్లీ టీ తాగసాగాడు. రెండో బొట్టు పడేసరికి సోద్నోము ఒక్క గెంతు వేశాడు. గ్రంథాన్ని లాగి గుండెలకు హత్తుకున్నాడు. రెండో చేత్తో పైన తోలు ఊడబెరికాడు. ఆవిరంతా బుస్సున బయటికి పోయింది.

“కప్పు సంగతి సరే, గోడలకు మాత్రం ఢోకా లేదు,” అన్నాడు. పొగరు అంత తొందరగా దిగదు కదా.

గురువు అతన్ని బయటికి తీసుకెళ్లాడు. వానలు లేక మైదానమంతా ఎండిపోయి ఉంది. వారం కిందటి కార్చిచ్చు ఎదుటి గుట్టను మసి చేసి పోయింది. గురువు సంచీలోంచి చెకుముకి రాయి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

“ఆ గడ్డి మీద ఒక్క నిప్పురవ్వ వెయ్యి.”

“అయ్యో! క్షణంలో ఇల్లంతా అంటుకుంటుంది!”

“మరి ఎవరు వేస్తారని కూరావు?”

సోద్నోము మసిబారిన గుట్ట వైపు ఓసారి చూశాడు. చెకుముకి తిరిగి ఇచ్చేసి గడ్డి పీకడం మొదలుపెట్టాడు. గురువు కూడా పక్కనే వంగి పీకాడు. గుర్రాలకు ఆ పూట పండగే అయింది. గుడారం చుట్టూ పది అంగల మేర నేల మీది గడ్డంతా చెక్కేసి, గోడ అడుగున కంబళి పట్టీ చుట్టి, దాని మీద రాళ్లు పేర్చేసరికి పొద్దు వాలింది.

సోద్నోము లోపల మోకాళ్ల మీద కూర్చుని గోడ వెంట అరచెయ్యి పెట్టి చూశాడు. ఒకచోట చల్లగా తగిలింది.

“ఇక్కడ కాస్త గాలి వస్తోంది గురువుగారూ. మూసేయమంటారా?”

గురువు మిగతా గ్రంథాల మూటలన్నీ తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

“రానీ నాయనా. లోపల మనం కూడా ఉండాలిగా.”