తలుపు వెనక భోజనం

కూర్మయ్యగారికి వాదన గిట్టదు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఇంకెవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి, కండువా దులుపుకుని లేచిపోతారు. పదకొండేళ్లుగా ఆదివారం ఆదివారం ఆయన దగ్గరికి వెళుతున్నాను. ఒక్క ప్రశ్నకైనా సూటిగా సమాధానం దొరికిన పాపాన పోలేదు. అయినా వెళ్లడం మానలేదు, అది వేరే సంగతి.

శ్రీకాకుళం దాటాక జీడితోటల మధ్య రెండు పెంకుటింటి గదులు, ఒక వసారా, అదే ఆయన ఆశ్రమం. అయినవాళ్లు పోయి, ఇళ్లు మూతపడి వీధిన మిగిలిన ముసలి కుక్కల్ని ఎవరెవరో తెచ్చి అక్కడ వదిలిపోతారు. ఆయన వాటిని తన దగ్గరే పెట్టుకోరు. వచ్చే శిష్యుల్లో ఒకరికి అప్పగిస్తారు. పెంచి పెద్ద చెయ్యడానికి ఇక ఏముంది గనక, చివరిదాకా ఒక ఇంట్లో ఉండనివ్వండి చాలు అంటారు.

ఆ ఆదివారం వసారాలో స్తంభానికి కట్టి ఉన్నది ఒక గోధుమరంగు ఆడకుక్క. పళ్లు ఊడిపోయాయి, వెనక కాలు ఈడుస్తోంది, వారానికోసారి మూర్ఛ వస్తోంది. మెదడులో ఏదైనా ఉండొచ్చు, ఒట్టి ముసలితనమే కావొచ్చు, ఆరునెలలు బతకొచ్చు, ఆరు రోజులే కావొచ్చు అన్నాడట పశువుల డాక్టరు. ఇంతకన్నా జాగ్రత్తగా మాట్లాడటం ఎవరివల్లా కాదు. దాన్ని హైమవతికి ఇవ్వాలని గురువుగారి ఉద్దేశం. హైమవతి ఆస్పత్రిలో నర్సు, ఒంటరి మనిషి. అంతకుముందు రెండు కుక్కల్ని తీసుకెళ్లింది. మొదటిది ఎనిమిది నెలలుంది. రెండోది పంతొమ్మిది రోజులకే పోయింది, ఎందుకు పోయిందో కూడా తెలియలేదు. ఆ రెండోదాని తరవాత ఆవిడ మూడు వారాలు మా మధ్యకు రాలేదు. ఇప్పుడు ఆవిడ కాదంటే దీన్ని తీసుకునేవాళ్లు మరి లేరు. పట్నంలో కుక్కల షెడ్డుకి పంపాల్సిందే, అక్కడ ఇలాంటివి వానాకాలం దాటవని అందరికీ తెలుసు.

హైమవతి దాని వంక చూడకుండా మాట్లాడింది. "ఫలానా జబ్బని తెలిస్తే ఎలా చూసుకోవాలో నాకు తెలుసు గురువుగారూ. ఏమీ తెలియనిదాన్ని ఇంటికి తీసుకెళ్లి నేనేం చెయ్యాలి?"

కూర్మయ్యగారు సన్యాసినాయుడి సంగతి ఎత్తుకున్నారు.

సన్యాసినాయుడు కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. ఒక బియ్యం మిల్లు మూతపడినప్పుడు అక్కడ పన్నెండేళ్లు కాపలా కాసిన నల్లకుక్కను అతనికి అప్పగించారు. అతను దాన్ని పెద్దోడా అని పిలిచేవాడు. దాని ఒంట్లో కూడా ఏదో ఉంది. ఒక రక్తపరీక్షలో మూత్రపిండాలన్నారు, ఇంకోదాంట్లో కాలేయమన్నారు. ఏదో ఒకటి తేలేదాకా ఉప్పు, నూనె, చేప తగలకూడదని, చప్పిడి జావ ఒక్కటే పొయ్యమని డాక్టరు కట్టడి చేశాడు. నాయుడు మాట తప్పే మనిషి కాదు.

చిక్కల్లా అతని భోజనం దగ్గర వచ్చింది. నాయుడికి మధ్యాహ్నం ఎండుచేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. మొదటిరోజు అతను కంచం ముందు కూర్చోగానే కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది, అతని మొహంలోకి చూస్తూ. ఎదురుగా ఉన్నవాళ్లకి పెట్టకుండా తినకూడదని అతని తల్లి చిన్నప్పుడే నేర్పింది. వాళ్ల ఇళ్లలో పరాయి పిల్లాడు గుమ్మంలో నిలబడితే కంచం మీద మూత పెట్టి, వాడికి ఒక ముద్ద చేతిలో పెట్టాకే మళ్లీ తీస్తారు. పెద్దోడికి పెట్టడానికి వీల్లేదు. పెట్టకుండా వాడి ముందు తినడం అంతకన్నా పాపం. అందుకని నాయుడు కంచం వంటింట్లోకి పట్టుకుపోయి, తలుపు గడియ పెట్టుకుని తిన్నాడు. తిన్నాక వాసన తగలకుండా సబ్బుతో చేతులు, మూతి కడుక్కుని గాని బయటికొచ్చేవాడు కాదు. ఆ పూట మొదలు రోజూ అంతే. కుక్క తలుపు అవతల పడుకుని ఉండేది.

ఇక్కడ గురువుగారు కాస్త ఆగి, ఆ తలుపు సంగతి తాను ఒక ఆదివారం అందరికీ గొప్పగా చెప్పానన్నారు. నిజమే, నేనూ ఆ రోజు ఉన్నాను. జిహ్వను జయించడం కాదు, ఎదుటి ప్రాణి జిహ్వను నొప్పించకుండా ఉండటం దయ అంటే, అని గంటసేపు చెప్పారు. మేమందరం తలలూపాం. నాయుడు సిగ్గుపడి వెనక వరసలోకి పోయి కూర్చున్నాడు.

తరవాత కుక్క జావ తినడం తగ్గించింది. గిన్నె ముందు పెడితే వాసన చూసి వెళ్లిపోయేది. నాయుడు భయపడి డాక్టరుకి చెప్పాడు. జబ్బు ముదురుతోందని మందులు మార్చారు. మార్చినకొద్దీ చిక్కిపోయింది. నాలుగు నెలలు అలా గడిచాయి. ఎముకల గూడు మిగిలింది.

అప్పుడు మిల్లులో చాటపట్టి బియ్యం చెరిగిన గౌరమ్మ అనే ముసలామె ఆ దారిన పోతూ, పాత స్నేహం కొద్దీ కుక్కను చూడటానికి ఆగింది. నాయుడు వంటింట్లో ఉన్నాడు. తలుపు వేసి ఉంది. కుక్క తలుపుకి మూతి ఆనించి పడుకుని ఉంది, పక్కన జావ గిన్నె నిండుగా ఉంది. అతను బయటికొచ్చాక ఆమె సంగతంతా అడిగి తెలుసుకుంది. కోప్పడలేదు, నెమ్మదిగానే చెప్పింది.

"మిల్లులో మేమందరం కూకుంటే గాని ఇది ముట్టీది కాదు బావూ. ఎవులూ నేకపోతే గిన్నె వంక సూసీదే కాదు."

ఏం పెట్టేవారని నాయుడు అడిగాడు. ఏముంటుంది, గంజి పోసేవాళ్లమంది ఆమె. మా కూరల జోలికి ఎప్పుడూ రాలేదు, మనుషుల మధ్య కూర్చోవాలి దానికి, అంతే.

మర్నాడు నాయుడు తలుపు తీసే ఉంచాడు. వసారాలో పీట వేసుకుని, తన కంచం, దాని గిన్నె పక్కపక్కన పెట్టుకున్నాడు. కంచంలో పులుసే ఉంది. కుక్క దానివైపు తల కూడా తిప్పలేదు. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక, మెల్లగా వంగి తన జావ తాగడం మొదలుపెట్టింది. సగం గిన్నె తాగింది. అతను ఎడంచేత్తో కళ్లు తుడుచుకుంటూనే కూర్చున్నాడు, లేస్తే అది మానేస్తుందని. అలా మూడు మధ్యాహ్నాలు జరిగాయి. నాలుగోరోజు పొద్దున్నే అది పోయింది.

నాయుడు ఆశ్రమానికి వచ్చి, వసారా మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడవడం గురువుగారు అంతకుముందు చూడలేదట. "నాలుగు నెల్లు అది నన్ను రమ్మన్నాది బాబుగారూ. నేను సేపలడుగుతున్నాదనుకున్నాను" అన్నాడట. దయ గురించి చెప్పిన నోటితో అతనికి ఏం చెప్పాలో గురువుగారికి తోచలేదు. ఆ ఆదివారం ఆయన మాట్లాడలేదు. మేము వచ్చి, ఊరికే కూర్చుని, తిరిగి వెళ్లిపోయాం. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను నేను. అసలు కారణం ఇన్నాళ్లకు తెలిసింది.

సంగతి అయిపోయింది. హైమవతి ఎంతయినా నర్సు కదా, చివరికి పెద్దోడికి ఏం జబ్బని తేల్చారని అడిగింది.

తేలలేదన్నారు కూర్మయ్యగారు. కండువా దులుపుకుని లేచారు. స్తంభం దగ్గరికి వెళ్లి కుక్క తాడు విప్పుతూ, ఆవిడ వైపు తిరగకుండానే అడిగారు.

"ఇంట్లో నువ్వు ఎక్కడ కూర్చుని తింటావమ్మా?"

"కూర్చోవడం ఎక్కడిదండీ. డ్యూటీలకి పరిగెత్తాలి కదా, గిన్నె చేత్తో పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడే తినేస్తాను."

ఆయన తాడు కొస ఆవిడ చేతిలో పెట్టారు.

"రేపటి నుంచి కింద కూర్చో" అన్నారు.