తాబేలు అప్పగింతలు

ఒకప్పుడు సముద్రపు తాబేలుకి ఏడవడం తెలియదు. తాగిన ఉప్పంతా దాని ఒంట్లోనే ఉండిపోయేది. పాపం, రోజూ పొద్దున్నే గోదారి దాకా ఈదుకెళ్లి, కడుపునిండా మంచినీళ్లు తాగి, సాయంత్రానికి ఇల్లు చేరేది. మర్నాడు మళ్లీ ప్రయాణం. ఇదేం కాపురం చెప్పండి!

అలాంటి ఇంటికి గోదారి తాబేలు నూకరత్నం తన ఒక్కగానొక్క కూతురు పైడిని ఇచ్చింది. కుర్రాడు బుద్ధిమంతుడు, డిప్ప నున్నగా ఉంది, ఇంకేం కావాలి అనుకుంది. పెళ్లి మగపెళ్లివారింట్లోనే, అంటే సముద్రం అడుగున.

మూడు రోజులు విందులు. పప్పులో ఉప్పు, పులుసులో ఉప్పు, ఆఖరికి పాయసంలోనూ ఉప్పే! ఆడపెళ్లివారు నోరెత్తితే ఇంకేమైనా ఉందా? "అమృతంలా ఉంది వదినగారూ" అంటూ నూకరత్నం రెండోసారి కూడా వడ్డించుకుంది.

మూడో రోజుకి నూకరత్నం కాళ్లు వాచాయి. పైడైతే బూరెలా ఉబ్బింది. కాళ్లు డిప్పలోకి పోవు, తల పోదు. డిప్ప పటపటమంటోంది. ఈ బరువుతో గోదారి దాకా ఈదలేదు. నూకరత్నం లెక్కేసుకుంది. ఇంకో రెండు పూటలు ఇలాగే తింటే పిల్ల దక్కదు!

పెళ్లికొచ్చిన వంజరం చేపని ఆపి, "బాబూ, నువ్వు ఉబ్బలేదేం?" అనడిగింది.

"మొప్పల్లోంచి ఉప్పు బయటికి తోసేస్తాను పిన్నిగారూ. మీకు మొప్పలున్నాయా?"

"లేవు నాయనా."

"అయ్యయ్యో" అనేసి వంజరం పాయసం వైపు వెళ్లిపోయింది.

సొరచేప గర్వంగా చెప్పింది. "నేను ఒంట్లో కాస్త కంపు నిలవ పెట్టుకుంటాను. ఆ కంపు ఉన్నంతకాలం నా ఒంట్లో నీళ్లు ఎటూ పోవు."

"కొత్త పెళ్లికూతురికి కంపేమిటయ్యా, నీ మొహం!" అంది నూకరత్నం.

ఇంతలో అప్పగింతల వేళయింది. "ఇక ఏడవండి వదినగారూ" అంది వియ్యపురాలు గవరమ్మ. "మేమెప్పుడూ మగపెళ్లివారమే. మాకు ఏడవాల్సిన పనే పడలేదు. మీరు ఏడిస్తే చూడాలని ఉంది."

నూకరత్నం మర్యాదకి కాస్త ముక్కు చీదింది.

"కన్నీళ్లేవీ?" అంది గవరమ్మ.

"ఇవిగో."

"అవి మా సముద్రం నీళ్లు!"

పెద్ద రభసయింది. చివరికి కన్నీళ్ల సంగతి పొడిచోటే తేల్చుకుందామని పెళ్లి పెళ్లంతా, పీతల మేళంతో సహా, ఒడ్డున ఇసకలోకి తరలింది.

ఇసక మీద పైడి ఆయాసపడుతూ, ఒళ్లు ఈడ్చుకుంటూ వస్తోంది. అది చూడగానే నూకరత్నానికి నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది. "నా బంగారుతల్లిని నా చేతులతోనే ఈ ఉప్పులో పడేశానే!" కన్నీళ్లు గంజిలా చిక్కగా కారాయి. ఒక పీత చుక్క రుచి చూసి, "అబ్బా, ఉప్పు కషాయం!" అని ఉమ్మేసింది. కారినకొద్దీ నూకరత్నం కాళ్లు సన్నబడ్డాయి. ఒళ్లు తేలికపడింది.

"ఏడవే పైడీ! ఉప్పు కళ్లలోంచి పోతోందే!" అని అరిచింది.

"ఎందుకమ్మా ఏడవడం? నాకు కుర్రాడు నచ్చాడు" అని పైడి సిగ్గుపడింది.

నూకరత్నం తిట్టింది, గిల్లింది, కాళ్లావేళ్లా పడింది. పైడి కిలకిలా నవ్వింది. నవ్వుకి డిప్ప ఇంకాస్త పటపటమంది.

ఇక నూకరత్నానికి ఒక్కటే దారి కనిపించింది. "సరే తల్లీ, జాగ్రత్త" అని గోదారి వైపు నడక మొదలుపెట్టింది. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. చూడలేదు. చూస్తే పిల్ల నవ్వుతుంది.

"అమ్మా!" అంది పైడి.

నూకరత్నం ఆగలేదు.

"అమ్మా, నిజంగానే వెళ్లిపోతున్నావా?"

అప్పుడు వినిపించింది, బావురుమని ఏడుపు. "మాకు మాత్రం రాదా ఏం?" అంటూ గవరమ్మ కూడా అందుకుంది. నూకరత్నం నడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. పిల్ల బతికింది.

అప్పటినుంచే సముద్రపు తాబేలు మంచినీళ్లకి గోదారి వెళ్లడం మానేసింది. ఎంత ఉప్పు తాగినా కళ్లలోంచే వదిలేస్తుంది. గుడ్లు పెట్టడానికి ఇసకలోకి వచ్చినప్పుడు చూడండి, చెంపల మీద చిక్కటి కన్నీళ్లు జారుతుంటాయి. గుడ్ల మీద ఇసక కప్పేసి, తిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోతుంది.