లేని తమ్ముళ్ళకి వేసిన తోట

దుప్పటి కప్పుకో పండూ. కాళ్ళు నా మీద వెయ్యకు. ఊఁ కొడితేనే చెప్తాను, లేదంటే నేనే ముందు నిద్రపోతాను.

అనగనగా ఒక పేట చివర ఒక కొత్తిల్లు. ఆ ఇంట్లో తిలకమ్మ అని ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఎవరినీ నమ్మేది కాదు. పాలవాడు నవ్వితే, నీళ్ళు కలిపాడు కాబట్టే నవ్వాడనేది. అలాంటి మనిషి.

ఆవిడకి శేషమ్మ అని ఒక అక్క. పాపం, మోకాళ్ళు పట్టేసి, వేరే చోట ఒక మేడ మీద అద్దెగదిలోనే పడి ఉండేది. "మట్టిలో కాలు పెట్టి ఏడాదైందే" అనేది. తిలకమ్మ ఆ మాట మర్చిపోలేదు. అక్కని తెచ్చుకోవాలి, ఆవిడ నడవడానికి ఇంటి ముందు తోట వేయించాలి. అదొక్కటే కోరిక.

అప్పుడు తోటలకి ప్లాన్లు గీసే డిజైనరుని పిలిపించింది. ఆయన పేరు ఫణీంద్ర. వచ్చాడు, టేపు పట్టి స్థలమంతా కొలిచాడు. ఆ తర్వాత, "ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అన్నాడు.

తిలకమ్మకి అనుమానం వచ్చింది. మొక్కలు వెయ్యమంటే మనుషుల ఆరా ఎందుకు ఇతనికి? ఒంటరి ఆడదని తెలిస్తే ఇంకేమైనా ఉందా? దొంగలతో చెయ్యి కలిపినవాడేమో.

"నలుగురు తమ్ముళ్ళు. ఒక్కొక్కడూ ఆంబోతులా ఉంటాడు," అంది. తమ్ముళ్ళూ లేరు, పాడూ లేదు. నవ్వకు, విను.

"తోటలోకి ఏ వేళప్పుడు వస్తారు?"

"మిట్టమధ్యాహ్నం. ఎండలో కసరత్తు చేస్తారు."

"కూర్చోవడానికి ఏమైనా కట్టమంటారా?"

"వాళ్ళు కూర్చునే రకం కాదు."

ఫణీంద్ర తల ఊపి వెళ్ళాడు. తర్వాత ప్లాను తెచ్చి ముందు పరిచాడు. తిలకమ్మ కాగితం చూస్తేనా? ఆయన కళ్ళు ఎటు తిరుగుతున్నాయో అదే చూస్తూ, సరే కానివ్వమంది. పని జరిగినన్నాళ్ళూ బీరువా తాళాలు బొడ్డున దోపుకుని, తోట వైపు చూడకుండా పనివాళ్ళనే కాపలా కాసింది. ఫణీంద్ర తమ్ముళ్ళేరండీ అంటే, ఊరెళ్ళారనేది.

ఆ తర్వాత తోట పూర్తయింది. అక్క ఆటోలో వచ్చి గేటు దగ్గర దిగింది. చూస్తే ఏముంది? దారంతా దూరం దూరంగా, గెంతితే గానీ అందని ఎత్తు రాళ్ళు. నీడ లేదు, అరుగు లేదు. శేషమ్మ మొదటి రాయి మీద ఊతకర్ర ఆనించింది. కాలు లేవలేదు.

"బాగుందే. నేను ఇక్కణ్ణుంచి చూస్తాలే," అంది.

తిలకమ్మకి ఏడుపొచ్చేసింది. అక్కని పక్కసందులోంచి ఇంట్లోకి చేర్చి, మోసం చేశాడని తిట్టుకుంటూ ఫణీంద్ర ఆఫీసుకి వెళ్ళింది.

"మా అక్క నడవలేని తోట ఎవరికి వేశావయ్యా?"

"మీ తమ్ముళ్ళకే కదండీ. అక్కగారున్నారని మీరు చెప్పలేదే," అన్నాడు ఆయన.

తిలకమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చేద్దామనుకుంది. కానీ గేటు దగ్గర అక్క ముఖం గుర్తొచ్చింది. "తమ్ముళ్ళెవరూ లేరు నాయనా. ఆ ఇంట్లో మా ఇద్దరికీ మగదిక్కు లేదు," అంది. ఏ మాట బయటపడితే కొంప మునుగుతుందనుకుందో ఆ మాటే అది.

ఫణీంద్ర పాత ప్లాను పక్కన పెట్టి, కొత్త కాగితం తీశాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"అక్కగారి అడుగు ఎంత దూరం పడుతుందండీ?"

కథేమో కంచి దారి పట్టింది, మా పండుకేమో కునుకు పట్టింది.